నాణేన్ని నమ్మనివాడు

మొన్న మా ఆటో స్టాండులో చీటీల చెంబు పోయింది. దొంగలెవరూ ఎత్తుకుపోలేదు, ఆటో చక్రం కింద పడి అప్పడమైపోయింది. స్టాండు పక్కన టీ కొట్టు నడిపే మార్తమ్మ అత్త దాన్ని రెండు చేతులతో ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఆ అబ్బాయి ఇక్కడుంటే ఏమనేవాడో" అంది. ఏ అబ్బాయని స్టాండులో ఒక్కరూ అడగలేదు.

మామూలుగా మనిషి పోతే ఆ మనిషి గురించి నాలుగు మాటలు రాస్తారు. ఇక్కడ పోయింది చెంబు. మనిషి బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ శుభ్రంగా ఉన్నాడు. అయినా ఆ చెంబు తలుచుకుంటే వాడే కళ్ళముందుకి వస్తున్నాడు కాబట్టి వాడి గురించే రాస్తాను. పేరు మాత్రం రాయను. రాస్తే, "నా పేరు మీకెవరు చెప్పారండి?" అని ఫోన్ చేస్తాడు. స్టాండులో మేం పెట్టుకున్న పేరు 'డౌటు గారు'. మా వైపు ఎవరినైనా ఏడిపించాలన్నా సరే, గారు అని మర్యాదగానే ఏడిపిస్తాం.

నా సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఎనిమిదో తరగతి మధ్యలో నేనూ బడీ పరస్పర అంగీకారంతో విడిపోయాం. అప్పటినుంచీ రాజమండ్రి నుంచి కోరుకొండ వైపు పోయే రోడ్డులో షేర్ ఆటో తోలుతున్నాను. ఆ రోడ్డులో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. నేను చదవకపోయినా, చదివేవాళ్ళు నా ఆటో ఎక్కకుండా చదవలేరు.

డౌటు గారు సన్నగా పొడుగ్గా ఉండి, మెడ కాస్త ముందుకి చాచి నడిచేవాడు. ప్రతిదాన్నీ దగ్గరికి వెళ్ళి చూడ్డం కోసమే దేవుడు ఆ మెడ ఇచ్చాడనిపించేది. ఆటో ముందు అద్దం మీద కోరుకొండ రోడ్డు అని ఎర్రక్షరాలతో రాసి ఉన్నా, ఎక్కేముందు రోజూ అడిగేవాడు.

"కోరుకొండ రోడ్డేనాండి?"

"నిన్నా ఇదే ఎక్కావు కదయ్యా?"

"ఆయ్, నిన్న అటే వెళ్ళిందండి. ఇవాళ సంగతేంటో అని."

చిల్లర ఇస్తే నాణేన్ని బొమ్మా బొరుసూ తిప్పి చూసి గానీ జేబులో వేసుకునేవాడు కాదు. మార్తమ్మ అత్త టీ ఇస్తే గ్లాసుని వెలుతురుకి ఎత్తి అడుగు చూసేవాడు. "ఇవాళ్టి పాలేనాండి?" అని అడిగితే ఆవిడ, "కాదు నాయనా, నా పెళ్ళినాటివి. నీకోసం దాచాను" అనేది. నవ్వేవాడు కాదు. ఆ మాట కూడా నిజమేమోనని కాసేపు ఆలోచించేవాడు.

మొదట్లో నాకు వాడి మీద అనుమానం. నా పక్కన ముందు సీట్లో కూచుని, ఎవరు ఎక్కడ ఎక్కుతున్నారు, ఎక్కడ దిగుతున్నారు అని మెడ తిప్పి తిప్పి చూసేవాడు. మధ్యలో జేబులోంచి నాణెం తీసి పైకి ఎగరేసేవాడు. దాన్ని పట్టుకుని, చూసి, పెదాలు బిగించి మళ్ళీ ఎగరేసేవాడు. ఇలాంటి మనిషి పక్కన కూచుంటే డ్రైవర్‌కి రోడ్డు మీద ధ్యాస ఎలా ఉంటుంది? ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఏవయ్యా, నువ్వు రవాణా ఆఫీసు వాళ్ళ మనిషివా? ఎంతమందిని ఎక్కించుకుంటున్నానో చూస్తున్నావా?"

"కాదండి."

"అయితే క్రికెట్ పందేలా?"

"ఛఛ, కాదండి బాబాయ్."

"మరి చర్చి దగ్గర ఎక్కే ఆ పచ్చ బ్యాగు అమ్మాయి కోసమా?"

వాడు మెడ నా వైపు తిప్పాడు. "ఆ అమ్మాయి రోజూ అక్కడే ఎక్కుతుందని మీకెలా తెలుసండి?"

వెనక సీట్లో ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. అనుమానించింది నేను, అనుమానితుణ్ణీ నేనే అయి కూచున్నాను. ఇక ఎదురుప్రశ్న వేయకుండా, "మరేంటయ్యా ఈ నాణెం గోల?" అన్నాను.

"ప్రాబబిలిటీ అండి."

"అదేం జబ్బు?"

"సబ్జెక్టండి. అన్నీ పాసయ్యాను, అదొక్కటే మిగిలిపోయింది. క్యాంపస్‌లో బెంగళూరు కంపెనీలో ఉద్యోగం వచ్చింది. చేరేలోపు ఇది పాసవ్వాలి. లేకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. ఉద్యోగం దక్కాలంటే ఈ సప్లిమెంటరీయే ఆఖరి అవకాశం."

వాళ్ళ నాన్నగారు మండపేటలో రైస్ మిల్లు గుమాస్తా. కొడుక్కి ఉద్యోగం వచ్చిందని మిల్లులో అందరికీ స్వీట్లు పంచేశారు. హమాలీలు, లారీ డ్రైవర్లతో సహా. తిన్నవాళ్ళు రోజూ అడుగుతున్నారట, "బాబు ఎప్పుడు వెళ్తున్నాడండి?" అని.

"ఒక్క సబ్జెక్టులో అంత కష్టం ఏముందయ్యా?" అన్నాను.

వాడు నాణెం నా ముందు పెట్టాడు. "మీరే చెప్పండి. లెక్కలో ఏమిస్తాడంటే, ఒక నాణెం ఉంది, దానికి ఏ పక్షపాతమూ లేదు అనుకోండి అంటాడు."

"అనుకో."

"ఎందుకనుకోవాలండి? ఆ నాణేన్ని నేను చూశానా? ఎవరు చేశారో తెలుసా? ఒక పక్క అరిగిపోయిందేమో."

"పోనీ ఇంకో లెక్క చెయ్యి."

"ఇంకో లెక్కలో సంచి ఉంటుందండి. అందులో ఎర్ర బంతులూ నల్ల బంతులూ ఉంటాయి. చూడకుండా ఒకటి తీశాడు అంటాడు. చూడలేదని గ్యారంటీ ఏంటి?"

పోయినసారి పరీక్షలో ఆ మాటే జవాబు కాగితం మీద రాసి వచ్చాడట. లెక్చరర్ పిలిచి, "నువ్వు లాయరు చదువు చదవాల్సిందయ్యా" అన్నారట. బుద్ధిగా ఫార్ములా వేసేద్దామని ఎంత అనుకున్నా, 'అనుకుందాం' అన్న మాట దగ్గరికి వచ్చేసరికి వాడి చెయ్యి ఆగిపోయేది. మిగతా సబ్జెక్టుల్లో కరెంటు, ఇనుము, నీళ్ళు ఉంటాయి. ఇందులో అన్నీ అనుకోవడాలే. నాకు జాలేసింది. అయినా లోపల కాస్త అనుమానం ఉండిపోయింది. నాణేన్ని నమ్మనివాడు ఆటో డ్రైవర్‌ని ఏం నమ్ముతాడు?

ఇక్కడ మా చెంబు సంగతి చెప్పాలి.

పొద్దున్న కాలేజీ టైముకి ముందు వెళ్ళే ఆటోకే నిండా పిల్లలు దొరుకుతారు. అందుకని ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది రోజూ చీటీలు తీసి తేల్చుకుంటాం. ఎవరి పేరు వాళ్ళు రాసి, మడిచి, వచ్చినవాళ్ళు వచ్చినట్టు చెంబులో వేస్తాం. ఆ చెంబు మా స్టాండు ప్రెసిడెంటు గారు కోరుకొండ మెట్లెక్కి, లక్ష్మీనరసింహస్వామి ముందు పెట్టి తెచ్చింది. పసుపు, కుంకుమ పెట్టి ఉంటుంది. స్వామివారి చెంబు కాబట్టి కుదపకూడదు, బోర్లించకూడదు. తీసేది మార్తమ్మ అత్త. ఆవిడ లూథరన్ చర్చికి వెళ్తుంది, ఆవిడకి ఆటో లేదు, అంచేత ఏ పక్కా ఉండదని నమ్మకం. కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ పిల్లల్ని దీవించు" అని, నరసింహస్వామి చెంబులో రెండు వేళ్ళు పెడుతుంది. ఇందులో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బందల్లా ఒకటే. ఎప్పుడు చూసినా ప్రెసిడెంటు గారి చీటీయే ముందొచ్చేది. మొదటిది కాకపోతే రెండోది.

మాకు అనుమానం ఉండదా? చీటీకి మైనం రాస్తున్నాడని ఒకడన్నాడు. ఐసుగడ్డ మీద పెట్టి తెస్తున్నాడు, చల్లగా తగిలిందాన్ని అత్త తీస్తోందని ఇంకొకడన్నాడు. నేను ఇద్దర్నీ ఒకేసారి నమ్మాను. అత్త నిజంగా కళ్ళు మూసుకుంటోందా అని ఒకరోజు కిందనుంచి వంగి చూశాను. "ఏరా, నా ముక్కులో ఏముంది?" అంది.

ఈ గొడవ డౌటు గారి చెవిన పడింది. పరీక్ష దగ్గర పడుతున్నా, రోజూ పెందలాడే వచ్చి, టీ గ్లాసు పట్టుకుని చీటీల దగ్గర నిలబడడం మొదలుపెట్టాడు. చదువుకోవయ్యా అంటే, "ఇదీ చదువేనండి" అనేవాడు. ప్రెసిడెంటు గారికి ఒళ్ళు మండేది. "ఈ కుర్రాడెవడయ్యా, పోలీసు కుక్కలా నిలబడతాడు?" అనేవారు.

ఒకరోజు చీటీలు తీయడం అయ్యాక వాడు మెల్లగా అన్నాడు. "ఏవండీ, మీరంతా మనిషిని చూస్తున్నారు. ఒక్కసారి చెంబుని చూడండి."

"చెంబులో ఏముందయ్యా?"

"మూతి ఇరుగ్గా ఉంది. అత్తగారి చెయ్యి లోపలికి పట్టదు. రెండు వేళ్ళే పడతాయి. రెండు వేళ్ళకి అందేది పైనున్న చీటీ. పైనున్నది ఆఖర్న వేసినవాళ్ళది. ఆఖర్న వచ్చేదెవరండి?"

అందరం ప్రెసిడెంటు గారి వైపు తిరిగాం. ఆయన ఆఖర్నే వస్తారు. పెద్దమనిషి ముందొచ్చి మిగతావాళ్ళ కోసం ఎదురుచూస్తారా? మేమే ఊరుకోం. ఆయన వచ్చేదాకా చెంబు ముట్టుకునేవాళ్ళం కాదు. ఆయన బండి ఆపి, టీ కొట్టు పక్కన చెప్పులు విడిచి, చీటీ వేస్తే, అప్పుడు అత్తని పిలిచేవాళ్ళం. రోజూ మేమే దగ్గరుండి ఆయన చీటీని పైన పెట్టించుకుని, ఆ తర్వాత ఐసుగడ్డ కోసం వెతుక్కుంటున్నాం.

నమ్మకం కలగడానికి వాడు నా చీటీని ఆఖర్న వేయించి తీయమన్నాడు. నాదే వచ్చింది. చీటీలన్నీ తీసి ఇంకొకరిది ఆఖర్న వేయించాడు. ఈసారి ఆ చీటీయే వచ్చింది.

"నాకీ సంగతి తెలిస్తే ఒట్టు" అన్నారు ప్రెసిడెంటు గారు. తెలుసో తెలియదో నేనిప్పటికీ చెప్పలేను.

"కుదిపితే సరిపోతుందండి" అన్నాడు డౌటు గారు.

"స్వామివారి చెంబుని కుదుపుతావా? కళ్ళు పోతాయి!"

మార్తమ్మ అత్త అడ్డం వచ్చింది. "కొండమీద అంత ఉగ్రంగా కూచున్న స్వామికి కాస్త చెంబు ఊపితే కళ్ళు తిరుగుతాయా ఏంటి ప్రెసిడెంటు గారూ? ఊపండి, నేను చెప్తున్నాను."

మరుసటిరోజు పొద్దున్న స్టాండంతా పండగలా ఉంది. చెంబు మూతికి తువ్వాలు కట్టి నేనే కుదిపాను. డౌటు గారు "ఇంకోసారండి" అన్నాడు. మళ్ళీ కుదిపాను. "ఇంకోసారండి." నా జబ్బలు పోయాయి. అత్త కళ్ళు మూసుకుని, ప్రార్థన చేసి, రెండు వేళ్ళు పెట్టి చీటీ తీసింది. విప్పి చదివాను.

ప్రెసిడెంటు గారు.

ఇక చూడండి గోల! ఆయన రొమ్ము విరుచుకుని వెళ్ళి బండి స్టార్ట్ చేశారు. మిగతావాళ్ళంతా డౌటు గారి మీద పడ్డారు. "ఎంత పుచ్చుకున్నావయ్యా ఆయన దగ్గర?" అన్నాడొకడు. "ఇద్దరూ కలిసే ఆడారు నాటకం" అన్నాడింకొకడు. నాకూ అనుమానం వచ్చింది, అబద్ధం ఎందుకాడాలి? నేనే కుదిపిన చెంబు, అయినా వచ్చింది.

వాడు గోడకి ఆనుకుని, "రావచ్చండి" అన్నాడు.

"రావచ్చు అంటే?"

"ఆయన చీటీ కూడా లోపల ఉంది కదండి. రాకూడదని ఏం లేదు."

"రేపు కూడా ఆయనదే వస్తే?"

"అదీ రావచ్చండి."

"ఎల్లుండి?"

"అరుదండి. అయినా రావచ్చు."

"మరి మేం ఎప్పుడు అనుమానపడాలయ్యా, ముహూర్తం చెప్పు!" అని నేను అరిచాను.

వాడు వచ్చి నా పక్కన ముందు సీట్లో కూచున్నాడు. కాలేజీ గేటు వచ్చేదాకా మెడ తిప్పలేదు. జేబులోంచి నాణెం తీయలేదు, వెనక ఎవరు ఎక్కారో చూడలేదు. దిగాక మాత్రం ఆటో కమ్మీ పట్టుకుని నిలబడిపోయాడు.

"బాబాయ్, ఇందాక వాళ్ళు నన్ను ఎలా చూశారో, నేను పుస్తకాన్ని అలాగే చూస్తున్నానండి."

"అర్థమయ్యేలా చెప్పు. నాది ఎనిమిదో తరగతి, అదీ సగం."

"సంచిని బాగా కలిపారు అనుకోండి అని లెక్కలో ఉంటుంది కదండి. మీరు ఇవాళ జబ్బలు పోయేలా కుదిపారే, ఆ పని లెక్క రాసినవాడు మన తరఫున ముందే చేసి పెట్టాడన్నమాట. కలిపాడా లేదా అన్నది మన పని కాదు. కలిపితే ఏమవుతుందో చెప్పడమే మన పని. కలపలేదేమో అన్న అనుమానం చెంబు ఎదురుగా ఉన్నప్పుడు పడాలి. అదీ ఒక్క చీటీ చూసి కాదు, చాలా చీటీలు చూసి."

"ఇది అర్థం కావడానికి మా స్టాండులో జనాలు కొట్టుకోవాలా? పుస్తకంలో లేదా?"

"ఉందండి. నేను నమ్మలేదు."

పరీక్ష రోజు పొద్దున్న వాడు తెల్లచొక్కా వేసుకుని, హాల్ టికెట్ జేబులోంచి తీసి చూసుకుంటూ, మళ్ళీ పెట్టుకుంటూ వచ్చాడు. అప్పటికే కుదపడం మాకు అలవాటైపోయింది. ప్రెసిడెంటు గారి చీటీ ఒక్కోరోజు మధ్యలో, ఒక్కోరోజు చివర్న వస్తోంది. స్టాండు చల్లబడింది. ఆరోజు చీటీలు తీస్తే మొదటిది ప్రెసిడెంటు గారిది, ఆఖరిది నాది. వాడి మొహం మాడిపోయింది.

"మీ బండిలోనే వస్తాను బాబాయ్."

"నా వంతు వచ్చేసరికి నీ పరీక్ష అయిపోతుందయ్యా. ఆయన బండి ఎక్కు."

"ఆయన ఎక్కడైనా ఆపేస్తే? నామీద కోపంగా ఉన్నారు కదండి."

ఆ అనుమానం నాకూ లేకపోలేదు. మా స్టాండు పద్ధతి ప్రకారం ఆటో నిండితే గానీ కదలదు. సప్లిమెంటరీ పరీక్షల రోజులు, కాలేజీకి సెలవులు, పిల్లలెవరూ లేరు. ఆటో నిండాలంటే ఎంతసేపు పడుతుందో! బండి కదలడం లేదంటే ఆయన్ని ఎవరూ తప్పుపట్టలేరు. ఆయన హ్యాండిల్ మీద చేతులు పెట్టి మా ఇద్దర్నీ కాసేపు చూశారు.

"ఎక్కవయ్యా."

"కోరుకొండ రోడ్డేనాండి?" అన్నాడు వాడు.

"కాదు, కాశీ. ఎక్కు!"

వాణ్ణి ఒక్కణ్ణే ఎక్కించుకుని, వెనక సీట్లన్నీ ఖాళీగా పెట్టుకుని వెళ్ళిపోయారు ప్రెసిడెంటు గారు. మా స్టాండు చరిత్రలో ఖాళీ ఆటో కదలడం నేనెప్పుడూ చూడలేదు. డౌటు గారు ఒక కాలు బయటికి పెట్టుకుని కూచున్నాడు, అవసరమైతే దూకేయడానికి.

తిరిగొచ్చాక ఆయన్ని అడిగాను. "నిండకుండా ఎలా కదిలారండి?"

"దారంతా నా మొహంలోకే చూస్తున్నాడయ్యా. రోడ్డు చూడాలా, వాణ్ణి చూడాలా?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "వాడు తప్పితే ఇంకో ఆర్నెల్లు మన స్టాండులోనే ఉంటాడు. ఆలోచించావా?" అన్నారు.

ఫలితాలు వచ్చిన రోజు నేను నిండా జనంతో రోడ్డు మీద ఉన్నాను. ఫోన్ మోగింది.

"బాబాయ్, పాసయ్యానండి."

నేను హారన్ మోగించాను. వెనకవాళ్ళు హడలిపోయారు. "శభాష్! నాన్నగారికి చెప్పావా?"

"ఇంకా లేదండి. ఒక చిన్న డౌటు."

ఆటో వేగం తగ్గించాను. "ఏంటి?"

"నేననుకున్నదానికన్నా మార్కులు ఎక్కువొచ్చాయండి. కూడ్డంలో తప్పు పోయిందేమో. మళ్ళీ దిద్దమని అర్జీ పెట్టుకుందామా అని..."

ఆటో రోడ్డు పక్కకి లాగి ఆపేశాను. "ఒరేయ్! ఆ మాట ఇంకోసారి అన్నావంటే మండపేట వచ్చి మిల్లులో స్వీట్లు తిన్నవాళ్ళందర్నీ నీ మీదకి తోలతాను. పాసయ్యాననుకో!"

"అనుకోవాలాండి?"

"అనుకో. ఇన్నాళ్ళూ నేర్చుకుంది అదే కదయ్యా!"

వెనకనుంచి ఒకావిడ, "పోనీ బాబూ, అనుకోమనండి, మాకు టైమవుతోంది" అంది.

"ఆయ్" అన్నాడు చివరికి. "అనుకుంటానండి."

అనుకునే బెంగళూరు వెళ్ళాడు.

మొన్న చెంబు పోయాక వాడికి ఫోన్ చేశాను. ఎలాగూ చెప్పాల్సిన కబురు. ఎత్తగానే, "బాబాయేనాండి?" అన్నాడు. కాదు, బాబాయ్ గొంతుతో ఇంకొకడు అన్నాను. ఇప్పుడు నవ్వుతున్నాడు, ఉద్యోగం వచ్చాక. చెంబు ఆటో కింద పడి నలిగిపోయిందనీ, ఇక ప్లాస్టిక్ డబ్బా కొనాలనీ చెప్పాను.

"అయ్యో" అన్నాడు. "ఎవరి ఆటో కింద పడిందండి?"

"ప్రెసిడెంటు గారిది."

నవ్వు ఆగిపోయింది. బెంగళూరు రోడ్ల మీద హారన్లు వినిపిస్తున్నాయి.

"పడొచ్చండి" అన్నాడు. "ముందు చక్రం కిందా, వెనక చక్రం కిందా బాబాయ్?"

ఫోన్ పెట్టేసి, ప్రెసిడెంటు గారి బండి దగ్గరికి వెళ్ళి, వంగి చక్రాలు చూస్తున్నాను. వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఏం వెతుకుతున్నావయ్యా అక్కడ?"

"ఏం లేదండి. గాలి తక్కువున్నట్టుంటే చూస్తున్నాను" అన్నాను.

ఆయన నమ్మలేదు.